లినక్స్ కెర్నెల్ డ్రైవర్‌లో మెమరీ బగ్: ఏ టూల్‌తో పట్టాలి, ఏ పద్ధతిలో సరిచేయాలి

గచ్చిబౌలి, మాదాపూర్ వైపు ఎంబెడెడ్ ఇంటర్వ్యూలకు వెళ్లినవాళ్లకు తెలుసు, కేమాలాక్‌కీ వీమాలాక్‌కీ (కెర్నెల్‌లో మెమరీ తీసుకునే రెండు ఫంక్షన్లు) తేడా ఏంటని దాదాపు ప్రతిచోటా అడుగుతారు. అమీర్‌పేట కోర్సుల్లో దానికి జవాబు బాగానే నేర్పిస్తారు కూడా. కానీ ఉద్యోగంలో చేరాక చేతికొచ్చే బగ్స్‌లో ఆ తేడా తెలియక వచ్చేవి తక్కువ. ఎక్కువ భాగం ఇంకో ప్రశ్న దగ్గర పుడతాయి: ఈ మెమరీ ఎవరిది, ఎవరు వదిలేదాకా అది బతికుండాలి? దీనికి జవాబు తేల్చుకోకుండా ఫంక్షన్ పేర్లు మార్చుకుంటూ పోతే ఇవాళ ఇక్కడ ఆగిన క్రాష్ రేపు ఇంకో ఫైల్లో లేస్తుంది.

మామూలు ప్రోగ్రామ్‌లో లీక్ (తీసుకున్న మెమరీని వదలకపోవడం) ఉన్నా ప్రాసెస్ ఆగగానే కెర్నెల్ అంతా వెనక్కి తీసేసుకుంటుంది. హార్డ్‌వేర్‌ని నడిపించే కెర్నెల్ కోడ్ అయిన డ్రైవర్‌లో పోయిన మెమరీని అలా వెనక్కి తెచ్చేవాళ్లెవరూ లేరు, రీబూట్ అయ్యేదాకా పోయినట్టే. చర్లపల్లిలోనో బాలానగర్‌లోనో తయారైన డేటా అక్విజిషన్ బోర్డు ఏ రామగుండంలోనో నెలల తరబడి ఆగకుండా నడవాలి. సెకనుకు 1000 ఇంటరప్టులు (హార్డ్‌వేర్ నుంచి సీపీయూకి వచ్చే పిలుపులు) వస్తూ, ఒక్కోదానికి 64 బైట్లు లీకైతే రోజుకు 5.5 జీబీ. అదే ల్యాబ్‌లో పది నిమిషాల టెస్టు చేస్తే పోయేది 40 ఎంబీ లోపే. ఎవరి కంటా పడదు. అందుకే టూల్ ఎంచుకోవడం, ఫిక్స్ ఎంచుకోవడం రెండూ సీరియస్‌గా తీసుకోవాల్సిన విషయాలు.

ముందు పట్టుకోవడం

టూల్స్ చాలానే ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే బోర్డు కదలదు, లాగ్ చదవలేం. లక్షణాన్ని బట్టి ఒకటి తీసుకోవాలి.

సంబంధం లేని కోడ్‌లో, రోజుకో చోట క్రాష్ అవుతోందంటే ఎవరో ఫ్రీ అయిపోయిన మెమరీని ముట్టుకుంటున్నారు, లేదా బఫర్ హద్దు దాటి రాస్తున్నారు. ల్యాబ్‌లో ఉన్న మెషీన్ అయితే నా ఓటు కేసాన్‌కే (కెర్నెల్ అడ్రస్ శానిటైజర్, తప్పు మెమరీ వాడకాన్ని పట్టే టూల్). 2015లో 4.0 కెర్నెల్‌తో వచ్చింది. మామూలు మోడ్‌లో ప్రతి 8 బైట్లకు 1 బైటు చొప్పున షాడో మెమరీ పెట్టుకుని, జరిగే ప్రతి రీడ్‌నీ రైట్‌నీ చెక్ చేస్తుంది. తప్పు జరిగిన క్షణంలోనే రిపోర్ట్ ఇస్తుంది. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అయితే ఆ రిపోర్ట్‌లో మూడు కాల్ స్టాక్‌లు ఉంటాయి: ఇప్పుడు ముట్టుకున్నది ఎవరు, మొదట అలకేట్ చేసింది ఎవరు, మధ్యలో ఫ్రీ చేసింది ఎవరు. ఈ మూడూ ఒకే పేజీలో కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. దీనికి ఇవ్వాల్సిన ధర కూడా తక్కువేం కాదు. కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేయాలి, ర్యామ్‌లో ఎనిమిదో వంతు షాడోకే పోతుంది, స్పీడ్ బాగా పడిపోతుంది. టైమింగ్ మీద ఆధారపడిన బగ్ అయితే ఆ స్లోనెస్‌లో అసలు కనిపించకుండా పోవచ్చు.

కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేసే వీలు లేకపోతే స్లబ్ డీబగ్ (కెర్నెల్ మెమరీ అలకేటర్‌లోనే ఉండే చెకింగ్) ఉంది. చాలా డిస్ట్రిబ్యూషన్ కెర్నెల్స్‌లో ఇది ముందే ఉంటుంది, బూట్ పారామీటర్‌లో ఆన్ చేస్తే చాలు. మొత్తం సిస్టమ్‌కి కాకుండా మీ ఆబ్జెక్ట్ ఉండే ఒక్క క్యాష్‌కే (ఒకే సైజు ఆబ్జెక్టులను కెర్నెల్ ఉంచే గుంపు) పెట్టొచ్చు, ఉదాహరణకు కేమాలాక్ 256 క్యాష్‌కి. అప్పుడు స్పీడ్ పెద్దగా తగ్గదు. ఇది ఫ్రీ అయిన ఆబ్జెక్ట్‌ని 6బీ అనే హెక్స్ విలువతో నింపుతుంది, ఇంకా ఏమీ రాయని కొత్త ఆబ్జెక్ట్‌ని 5ఏతో నింపుతుంది. దీని వల్ల క్రాష్ లాగ్ దానంతట అదే మాట్లాడుతుంది. 64 బిట్ ఎక్స్86 మెషీన్‌లో జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ వచ్చి, అడ్రస్ 6బీ6బీ6బీ6బీ6బీ6బీ6బీ83 అని కనిపించిందనుకోండి. ఏడు 6బీలు చూడగానే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అని తేలిపోయింది. ఇక చివరి 83లోంచి 6బీ తీసేయండి, హెక్స్‌లో 18, అంటే 24. ఫ్రీ అయిన ఆబ్జెక్ట్‌లోంచి ఒక పాయింటర్ చదివారు, ఆ పాయింటర్ చూపించే స్ట్రక్చర్‌లో 24వ బైట్ దగ్గరున్న ఫీల్డ్‌ని ముట్టుకోబోయారు. పాహోల్ అనే టూల్‌తో ఆ స్ట్రక్చర్ లేఅవుట్ చూస్తే ఫీల్డ్ పేరు దొరుకుతుంది. ఇంత సమాచారం ఒక్క లైన్లో ఉంటుంది కాబట్టి ఆ లైన్ పోకుండా చూసుకోవాలి. క్రాష్ సమయంలో డిస్క్ మీదికి లాగ్ వెళ్తుందన్న గ్యారంటీ లేదు. బోర్డుకి సీరియల్ కన్సోల్ తప్పకుండా పెట్టండి, కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ సరిపోతుంది. బోర్డు పిన్స్ 3.3 వోల్టులా 5 వోల్టులా అన్నది మాత్రం కొనే ముందే చూసుకోండి.

స్లబ్ డీబగ్ లోపం ఏమిటంటే, హద్దు దాటి రాసిన సంగతి అది రాసినప్పుడు తెలియదు. ఆ ఆబ్జెక్ట్ ఫ్రీ అయ్యేటప్పుడో మళ్లీ అలకేట్ అయ్యేటప్పుడో చెక్ చేసి చెబుతుంది. దొంగ వెళ్లిపోయాక తాళం పగిలిందని తెలిసినట్టు. హద్దు దాటి కేవలం చదివితే అసలు పట్టుకోలేదు. కాబట్టి రెండూ పెట్టే వీలున్నప్పుడు కేసాన్‌నే ఎంచుకోండి.

కస్టమర్ దగ్గర నడుస్తున్న మెషీన్లలో మాత్రమే బగ్ వస్తోందా? అక్కడికి కేసాన్ పంపలేం. దానికోసమే 2021లో 5.12 కెర్నెల్‌తో కేఫెన్స్ వచ్చింది. ఇది ప్రతి అలకేషన్‌నీ చూడదు. డీఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లకు ఒక అలకేషన్‌ని పక్కకు తీసి, గార్డ్ పేజీల (ముట్టుకుంటే వెంటనే ఫాల్ట్ వచ్చే పేజీలు) మధ్య పెడుతుంది. 255 ఆబ్జెక్టులకు 2 ఎంబీ మెమరీ తీసుకుంటుంది, స్పీడ్‌లో తేడా దాదాపు తెలియదు. ఒక్క మెషీన్‌లో బగ్ దొరికే అవకాశం తక్కువ. వందల యూనిట్లు ఫీల్డ్‌లో ఉంటే మాత్రం ఏదో ఒక దాంట్లో, ఎప్పుడో ఒకప్పుడు చిక్కుతుంది. కొత్త ప్రొడక్ట్ షిప్ చేస్తుంటే కేఫెన్స్ ఆన్ చేసే పంపండి. తర్వాత పెడదాం అనుకుంటే ఆ తర్వాత రాదు.

లీక్స్‌కి కేమెమ్‌లీక్. 2009 నుంచీ, అంటే 2.6.31 నుంచీ ఉంది. మెమరీ అంతా స్కాన్ చేసి, ఎక్కడా పాయింటర్ లేని బ్లాకుల్ని చూపిస్తుంది. దానంతట అది 10 నిమిషాలకోసారి స్కాన్ చేస్తుంది, కానీ అలా వాడితే బూట్ టైమ్ చెత్తంతా లిస్టులోకి వస్తుంది. ముందు క్లియర్ చేసి, డ్రైవర్‌ని ఒక వందసార్లు బైండ్, అన్‌బైండ్ చేసి (పరికరానికి తగిలించి, విడదీసి), అప్పుడు స్కాన్ చేయించండి. మీ లీకే ఉంటుంది, వందసార్లు ఉంటుంది.

రెండు చోట్ల కేమెమ్‌లీక్ పనిచేయదని గుర్తుపెట్టుకోండి. పేజీ అలకేటర్ దగ్గర నేరుగా తీసుకున్న పేజీల్ని అది ట్రాక్ చేయదు, వాటికి పేజ్ ఓనర్ అనే టూల్ వాడాలి. ఇక రెండోది ఇంకా మోసం చేస్తుంది: లింక్డ్ లిస్ట్‌లో పెట్టి మర్చిపోయిన ఎంట్రీలు. లిస్ట్ పెరుగుతూనే ఉంటుంది, ప్రతి ఎంట్రీకీ పాయింటర్ ఉంటుంది, కాబట్టి కేమెమ్‌లీక్ దృష్టిలో అది లీకే కాదు. రిపోర్ట్ క్లీన్‌గా ఉండి కూడా మెమరీ తగ్గుతోందంటే స్లబ్‌టాప్ అనే టూల్ ఓపెన్ చేసి ఏ క్యాష్ పెరుగుతోందో చూడండి.

ఇంతవరకూ చెప్పినవన్నీ నడిచిన కోడ్‌లో బగ్స్ పట్టేవి. నడవని కోడ్ సంగతి? ప్రోబ్ ఫంక్షన్‌లో (డ్రైవర్ పరికరానికి బైండ్ అయ్యేటప్పుడు నడిచేది) మూడో అలకేషన్ ఫెయిలైతే మొదటి రెండూ సరిగ్గా వదులుతున్నామా అన్నది ల్యాబ్‌లో ఎప్పుడూ తెలియదు, ఎందుకంటే ల్యాబ్‌లో ఆ అలకేషన్ ఎప్పుడూ ఫెయిల్ కాదు. నా దృష్టిలో అందరూ నిర్లక్ష్యం చేసేది, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఫాల్ట్ ఇంజెక్షన్, అంటే అలకేషన్లను కావాలనే ఫెయిల్ చేయించడం. ఫెయిల్‌స్లాబ్ ఆన్ చేసి, ప్రాక్ కింద ఉండే ఫెయిల్ ఎన్‌త్ ఫైల్‌లో 1 రాసి బైండ్ చేయండి, తర్వాత 2, తర్వాత 3. ఒక్కో అలకేషన్ వరసగా ఫెయిల్ అవుతూ వస్తుంది. కేసాన్, కేమెమ్‌లీక్ రెండూ ఆన్‌లో ఉంచి ఈ లూప్ నడిపితే ఎర్రర్ పాత్‌లో ఉన్న తప్పులన్నీ ఒక మధ్యాహ్నంలో బయటకొస్తాయి. ఒక్క సెట్టింగ్ దగ్గర చాలామంది ఆగిపోతారు: ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్ అన్నది డీఫాల్ట్‌గా వై అని ఉంటుంది, అంటే నిద్రపోగలిగే (మెమరీ దొరికేదాకా ఆగగలిగే) అలకేషన్లను ఫెయిల్ చేయదు. ప్రోబ్‌లో ఉండేవన్నీ దాదాపు అవే. దాన్ని ఎన్ చేయకపోతే టెస్ట్ ఎప్పుడూ పాస్ అవుతూనే ఉంటుంది.

సరిచేయడం: గోటూనా, డెవ్‌ఎమ్మా, రెఫరెన్స్ కౌంటా

పాత పద్ధతిలో ప్రోబ్ చివర గోటూ లేబుల్స్ మెట్లలా ఉంటాయి. తీసుకున్న వరసకి తిరగేసి వదులుతూ పోతాం. చదవడానికి స్పష్టంగానే ఉంటుంది. కానీ మధ్యలో కొత్త అలకేషన్ చేర్చినవాళ్లు లేబుల్ మార్చడం మర్చిపోతే లీక్, తప్పు లేబుల్‌కి దూకితే డబుల్ ఫ్రీ.

ఆ బాధ తప్పించడానికే 2007లో 2.6.21తో డెవ్‌ఎమ్ ఫంక్షన్లు వచ్చాయి. ప్రోబ్ ఫెయిలైనా, డ్రైవర్ అన్‌బైండ్ అయినా కెర్నెలే అన్నిటినీ తిరగేసిన వరసలో వదిలేస్తుంది. బోర్డు మీద సోల్డర్ అయిపోయి, ఎప్పటికీ ఊడని ఐ2సీ సెన్సర్, పీడబ్ల్యూఎమ్, క్లాక్ లాంటి వాటి డ్రైవర్‌కి ఇది చక్కని ఎంపిక. లీక్ ఫిక్స్ అడిగితే చాలామంది రివ్యూయర్లు కేజెడ్‌అలాక్‌ని (సున్నాలతో నింపి ఇచ్చే కేమాలాక్) డెవ్‌ఎమ్ కేజెడ్‌అలాక్ చేయమంటారు. అక్కడే ఆగి ఆలోచించాలి.

డెవ్‌ఎమ్ మెమరీ ఆయుష్షు డ్రైవర్ బైండింగ్‌తో ముడిపడి ఉంటుంది. మీ డేటాని వాడే ప్రోగ్రామ్ ఆయుష్షుతో దానికి సంబంధం లేదు. యూఎస్‌బీ పరికరం ఒకటి ఉంది, దాని డివైస్ ఫైల్‌ని ఒక ప్రోగ్రామ్ ఓపెన్ చేసి పెట్టుకుంది. ఎవరో కేబుల్ లాగారు. డిస్‌కనెక్ట్ నడిచింది, డెవ్‌ఎమ్ మీ ప్రైవేట్ స్ట్రక్చర్‌ని ఫ్రీ చేసేసింది. ప్రోగ్రామ్ చేతిలో ఫైల్ డిస్క్రిప్టర్ ఇంకా ఉంది. అది క్లోజ్ చేయగానే మీ రిలీజ్ ఫంక్షన్ నడిచి, ఫ్రీ అయిన స్ట్రక్చర్‌లోని మ్యూటెక్స్‌ని పట్టుకోబోతుంది. ఇలాంటి డ్రైవర్‌కి డెవ్‌ఎమ్ పనికిరాదు. కేరెఫ్‌తో రెఫరెన్స్ కౌంట్ (ఇంకా ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) పెట్టండి, లేదా స్ట్రక్చర్‌లోనే డివైస్‌నీ సీడెవ్‌నీ (క్యారెక్టర్ డివైస్ స్ట్రక్చర్) ఇమిడ్చి, డివైస్ రిలీజ్ కాల్‌బ్యాక్‌లో ఫ్రీ చేయండి. ఓపెన్ చేసిన ప్రతి ఫైలూ ఒక రెఫరెన్స్ పట్టుకోవాలి. దాంతో పాటు పరికరం పోయిందని చెప్పే ఒక ఫ్లాగ్‌ని లాక్ కింద చెక్ చేయాలి, లేకపోతే మెమరీ బతికున్నా లేని హార్డ్‌వేర్ రిజిస్టర్‌ని ముట్టుకుంటారు. కోడ్ పెరుగుతుంది, నిజమే. పెరిగిన ప్రతి లైనూ అవసరమే.

ఓపెన్ ఫంక్షన్‌లో డెవ్‌ఎమ్ కేజెడ్‌అలాక్ వాడటం ఇంకో సాధారణమైన తప్పు. ప్రతి ఓపెన్‌కీ కొంత మెమరీ చేరుతుంది, అన్‌బైండ్ అయ్యేదాకా వదలదు. పాయింటర్లన్నీ డివైస్ లిస్ట్‌లో ఉంటాయి కాబట్టి కేమెమ్‌లీక్ కిమ్మనదు.

సగం డెవ్‌ఎమ్, సగం మామూలు కోడ్ కలిపితే వచ్చే చిక్కు మరీ సూక్ష్మమైనది. ఇంటరప్ట్‌ని డెవ్‌ఎమ్‌తో తీసుకున్నారు, బఫర్‌ని మామూలు కేమాలాక్‌తో తీసుకున్నారు. రిమూవ్ ఫంక్షన్‌లో బఫర్‌ని కేఫ్రీ చేశారు. డెవ్‌ఎమ్ ఇంటరప్ట్‌ని వదిలేది రిమూవ్ పూర్తయిన తర్వాత. ఆ చిన్న సందులో ఒక్క ఇంటరప్ట్ వచ్చినా హ్యాండ్లర్ ఫ్రీ అయిన బఫర్‌లో రాస్తుంది. బఫర్‌ని కూడా డెవ్‌ఎమ్‌తో, ఇంటరప్ట్ కంటే ముందు తీసుకుంటే వరస తిరగబడి ఇంటరప్టే ముందు వదులుతుంది. ఒక డ్రైవర్‌లో ఏదో ఒక పద్ధతికే కట్టుబడండి.

ఒక ఫంక్షన్‌లో మొదలై అందులోనే అయిపోయే తాత్కాలిక బఫర్లకు ఈ రెండూ అక్కర్లేదు. 2023లో 6.5తో వచ్చిన క్లీనప్ హెడర్‌లోని ఫ్రీ యాట్రిబ్యూట్ వాడితే స్కోప్ దాటగానే కేఫ్రీ దానంతట అదే జరుగుతుంది. ఒకే ఫంక్షన్‌లో దీన్నీ గోటూనీ కలపకూడదు. చిప్ కంపెనీ ఇచ్చిన పాత కెర్నెల్ మీద పనిచేస్తుంటే ఆ హెడర్ అసలు ఉందో లేదో ముందు చూసుకోండి.

అటామిక్ అని మార్చేస్తే సరిపోతుందా

స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపు నిద్రపోకూడని లాక్) పట్టుకుని జీఎఫ్‌పీ కెర్నెల్‌తో (నిద్రపోగలిగే మామూలు అలకేషన్) అలకేట్ చేస్తే, డీబగ్ అటామిక్ స్లీప్ ఆన్‌లో ఉన్న కెర్నెల్ 'స్లీపింగ్ ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ ఇన్‌వాలిడ్ కాంటెక్స్ట్' అని లాగ్‌లో అరుస్తుంది. వెంటనే జీఎఫ్‌పీ అటామిక్ అని మార్చేస్తే అరుపు ఆగుతుంది. ప్యాచ్ ఒక్క పదమే కాబట్టి రివ్యూ కూడా దాటిపోతుంది. ఉన్న దారుల్లో దీన్ని నేను చివర్లో పెడతాను.

అటామిక్ అంటే కెర్నెల్ ఆగి మెమరీ ఖాళీ చేయలేదు. ఉన్నదాంట్లోంచి, అత్యవసరానికి దాచిన రిజర్వ్‌లోంచి ఇవ్వాలి, లేకపోతే లేదనాలి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ప్రతిసారీ 64 కేబీ తీసుకునే డ్రైవర్‌నే తీసుకోండి. 4 కేబీ పేజీలున్న మెషీన్‌లో 64 కేబీ అంటే వరసగా 16 పేజీలు, ఆర్డర్ 4. కొత్తగా బూట్ అయిన బోర్డులో హాయిగా దొరుకుతాయి. కొన్ని వారాలు నడిచాక లాగ్‌లో పేజ్ అలకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4 అని వస్తుంది. "అన్నా, ఫ్రీ మెమరీ 300 ఎంబీ చూపిస్తోంది, 64 కేబీ ఎందుకు ఇవ్వట్లేదు?" అని టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఇదే. ప్రాక్ కింద బడ్డీఇన్ఫో చూపించండి. ఆర్డర్ 0, 1 కింద వేలల్లో ఉంటాయి, ఆర్డర్ 4 నుంచి సున్నాలు ఉంటాయి. మెమరీ ఉంది, ఒక్కచోట లేదు.

కాబట్టి ఎంచుకునే వరస ఇలా ఉండాలి. లాక్ పట్టుకోకముందే అలకేట్ చేసి, లాక్ లోపల పాయింటర్ మాత్రం తగిలించే వీలుంటే అదే మొదటి ఎంపిక. చాలా కేసుల్లో నాలుగు లైన్లు పైకి జరిపితే అయిపోతుంది. ఇంటరప్ట్‌లోంచి ఆ లాక్‌ని ఎవరూ పట్టుకోకపోతే స్పిన్‌లాక్‌ని మ్యూటెక్స్ చేయొచ్చు. పని ఇంటరప్ట్‌లోనే ఉందంటే థ్రెడెడ్ హ్యాండ్లర్‌కి మార్చి అక్కడ జీఎఫ్‌పీ కెర్నెల్ వాడొచ్చు. డేటా ఆగకుండా వచ్చే పరికరమైతే ప్రోబ్‌లోనే బఫర్లన్నీ ఒకేసారి తీసుకుని, రింగ్‌లా తిప్పుకుంటూ వాడాలి. పై 64 కేబీ డ్రైవర్‌కి సరైన మందు అదే. ఇవేవీ కుదరనప్పుడు, సైజ్ చిన్నదైనప్పుడు, ఫెయిలైతే ఏం చేయాలో కోడ్ రాసి ఉన్నప్పుడు అటామిక్ వాడండి.

స్టోరేజ్ డ్రైవర్లకు ఒక ప్రత్యేకత ఉంది. మెమరీ ఖాళీ చేయడానికి కెర్నెల్ డిస్క్‌కి రాయబోతుంది, ఆ రాత మీ డ్రైవర్ దగ్గరికే వస్తుంది, మీరేమో మెమరీ కోసం ఎదురుచూస్తూ ఉంటారు. ఆ దారిలో జీఎఫ్‌పీ నోఐఓ (డిస్క్ రాతలు మొదలుపెట్టని అలకేషన్) వాడాలి.

కేమాలాక్, వీమాలాక్, డీఎమ్‌ఏ

ఇక ఇంటర్వ్యూ ప్రశ్న. కేమాలాక్ ఇచ్చేది ఫిజికల్‌గా వరసగా ఉన్న మెమరీ, చిన్న ఆబ్జెక్టులకు అదే చాలు. 32 కేబీ దాటితే కెర్నెల్ అంత పట్టుదలగా వెతకదు. పెద్ద టేబుల్, దాన్ని సీపీయూ ఒక్కటే చదువుతుంది అంటే కేవీమాలాక్ వాడండి. ముందు కేమాలాక్‌తో ప్రయత్నించి, కుదరకపోతే, ఫిజికల్‌గా విడివిడిగా ఉన్న పేజీలనే వరసగా కనిపించేలా ఇచ్చే వీమాలాక్‌కి వెళ్తుంది. వదిలేటప్పుడు తప్పకుండా కేవీఫ్రీ. హార్డ్‌వేర్ నేరుగా రాసే బఫర్ అయితే డీఎమ్‌ఏ కోహెరెంట్ అలకేషన్ తీసుకోండి, వీమాలాక్ పాయింటర్‌ని డీఎమ్‌ఏ మ్యాప్ సింగిల్‌కి ఇవ్వకండి. చిన్న డీఎమ్‌ఏ బఫర్‌ని ప్రైవేట్ స్ట్రక్చర్ మధ్యలో ఇరికించడం కూడా ప్రమాదమే. సీపీయూ క్యాష్ కోహెరెన్సీ (క్యాష్‌లోని కాపీ, మెమరీ ఒకేలా ఉండేలా హార్డ్‌వేరే చూసుకోవడం) లేని ఆర్మ్ బోర్డుల్లో అదే క్యాష్‌లైన్‌లో ఉన్న పక్క ఫీల్డ్‌లు పాడైపోతాయి, కేసాన్‌కి కూడా అది తెలియదు.

యూజర్ ఇచ్చిన కౌంట్‌ని సైజ్‌తో గుణించి కేమాలాక్‌కి ఇవ్వడం మాత్రం ఎక్కడ కనిపించినా మార్చేయండి. 32 బిట్ మెషీన్‌లో 256 బైట్ల రికార్డులు 1,67,77,217 కావాలని ఎవరైనా అడిగితే, గుణకారం 32 బిట్లు దాటి చుట్టు తిరిగి 256 బైట్లే అలకేట్ అవుతాయి. తర్వాత లూప్ మొత్తం రాస్తూ పోతుంది. కేకాలాక్, స్ట్రక్ట్ సైజ్ ఈ ఓవర్‌ఫ్లోని ముందే పట్టుకుంటాయి.

చిన్న ప్యాచా, పెద్ద రిపేరా

బగ్ దొరికాక డ్రైవర్ అంతా కొత్తగా రాయాలనిపిస్తుంది. ఆగండి. లీక్ ఆపే రెండు లైన్ల ప్యాచ్ ఒకటి, గోటూలన్నీ డెవ్‌ఎమ్‌కి మార్చే ప్యాచ్ ఇంకొకటి, వేర్వేరుగా చేయండి. స్టేబుల్ కెర్నెల్స్‌కి వెళ్లే ప్యాచ్ కాంటెక్స్ట్‌తో కలిపి 100 లైన్లు దాటకూడదన్నది అక్కడి నియమం. మీ కంపెనీ లోపల కూడా ఇదే మేలు, ఎందుకంటే ఫీల్డ్‌లో ఉన్న యూనిట్లు పాత కెర్నెల్ మీదే నడుస్తుంటాయి. రెండు లైన్లు అక్కడికి అలాగే ఎక్కుతాయి. పెద్ద మార్పు ఎక్కదు, ఎక్కించబోతే కొత్త బగ్ వస్తుంది. కమిట్ మెసేజ్‌లో కేసాన్ రిపోర్ట్‌లోని ఆ మూడు స్టాక్‌లనూ కుదించి పెట్టండి, బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో గిట్ బ్లేమ్‌తో వెతికి, ఫిక్సెస్ ట్యాగ్‌లో ఆ కమిట్ ఐడీ మొదటి 12 అక్షరాలు రాయండి. పాత బ్రాంచ్‌లు చూసుకునేవాళ్లు తమ దగ్గర ఆ బగ్ ఉందో లేదో ఆ ఒక్క లైన్‌తోనే తేల్చుకుంటారు.